నెల సరుకులకు పెద్ద స్టోర్‌కి వెళ్తున్నారా? ఇలా చేసి చూడండి

మూడు వేలు అవుతుందనుకుని వెళ్తాం. ట్రాలీ దానంతటదే నిండుతుంది. కౌంటర్‌లో అమ్మాయి ఐదు వేల రెండు వందలు అంటుంది. పైగా బిల్లు చివర ‘ఈ రోజు మీరు ఆదా చేసింది రూ. 940’ అని అచ్చు వేసి మరీ చేతిలో పెడుతుంది. ఖర్చు పెట్టామా, మిగిల్చామా? మా ఇంట్లో ఈ అయోమయం చాలా కాలం నడిచింది. చివరికి ఓ ఆదివారం పాత బిల్లులన్నీ ముందేసుకుని కూర్చుంటే తెలిసింది, ఆ ‘ఆదా’ అంకెను చూసి మురిసిపోవడమే మా తప్పు అని.

ఆ అంకె ఎలా వస్తుందంటే, ఎంఆర్‌పీలోంచి స్టోర్ అమ్మిన ధర తీసేస్తారు. ఎంఆర్‌పీ అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ ధర, అంతకు మించి అమ్మకూడదు. మందుల్లాంటి కొన్నిటిని వదిలేస్తే, ఆ ధర ఎంత ఉండాలో నిర్ణయించేది కంపెనీయే. రెండు వందలకు అమ్మాలనుకున్న వస్తువుపై మూడు వందలని వేసి, వంద తగ్గించామని చెప్పడానికి ఏ అడ్డూ లేదు. కాబట్టి ఎంత తగ్గిందన్నది వదిలేయండి. కిలో ఎంత పడింది అన్నది ఒక్కటే పట్టుకోండి. కింద నేను చెప్పేవన్నీ దాని చుట్టూ తిరిగేవే.

బయల్దేరే ముందు: ధరల పుస్తకం

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీయండి. ఫోనులో రాసుకున్నా ఫరవాలేదు గానీ, వంటగదిలో మేకుకు వేలాడే పుస్తకం అయితే ఇంట్లో అందరికీ కనబడుతుంది. అన్ని సరుకులూ రాయక్కర్లేదు. బియ్యం, కందిపప్పు, మినపగుళ్లు, నూనె, పంచదార, గోధుమపిండి, టీ పొడి, కారం, చింతపండు, నెయ్యి, ఒంటి సబ్బు, బట్టల పొడి. ఈ డజను సరుకులే సగటు ఇంటి బిల్లులో పెద్ద భాగం. ఒక్కోదానికి ఒక గీత కేటాయించి, చివరిసారి ఎక్కడ కొన్నారు, కిలో లేదా లీటరు ఎంత పడింది అని రాసుకోండి. రెండు నెలలు రాస్తే చాలు, మూడో నెల నుంచి బోర్డు మీద పెద్ద ఎర్ర అక్షరాలు చూసినా చెయ్యి వెంటనే అటు పోదు.

ఒక జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె మీద పన్ను 18 శాతం నుంచి 5కు, నెయ్యి, వెన్న మీద 12 నుంచి 5కు దిగింది. మీ దగ్గర అంతకుముందు రాసుకున్న ధరలుంటే ఈ సరుకుల వరకు కొట్టేసి కొత్తగా రాసుకోండి. పాత ధరతో పోల్చి ‘అబ్బ, ఎంత తగ్గించారో’ అనుకుంటే ప్రభుత్వం తగ్గించిన పన్నును స్టోర్ ఖాతాలో వేసినట్టవుతుంది.

తర్వాత డబ్బాలు తెరిచి చూడండి. నిజంగా మూతలు తీసి. మా ఇంట్లో ఓసారి మూడు ధనియాల పొడి ప్యాకెట్లు బయటపడ్డాయి, మూడూ వేర్వేరు ఆఫర్లలో వచ్చినవే. ఇక అన్నం తినే బయల్దేరండి. ఆకలితో వెళ్తే బిస్కెట్ల వరుసలో కాళ్లు ఆగిపోతాయి. ఇది పెద్దవాళ్లు ఎప్పుడో చెప్పిన మాటే, ఇప్పటికీ అంతే నిజం.

ఏ స్టోర్‌కి, ఎప్పుడు

మన దగ్గర ఈ పెద్ద స్టోర్ల చరిత్ర పాతదే. త్రినేత్ర సూపర్ మార్కెట్లు హైదరాబాదులో 1986లోనే మొదలయ్యాయి. ఆదిత్య బిర్లా గ్రూపు 2007లో వాటిని కొన్నాక అవి ‘మోర్’ అయ్యాయి. రిలయన్స్ ఫ్రెష్ దేశంలో మొట్టమొదట తెరిచింది కూడా 2006లో హైదరాబాదులోనే. రత్నదీప్, విజేత లాంటి మన ఊరి గొలుసు స్టోర్లు సరేసరి. ఇన్ని ఉన్నాక అన్నీ ఒకటే అనుకోవడం సహజం. కానీ ధర పెట్టే పద్ధతిని బట్టి వీటిలో రెండు రకాలున్నాయి. మనం వెళ్లే రోజు దాన్ని బట్టే ఉండాలి.

మొదటి రకం డీమార్ట్ లాంటిది. 2002లో ముంబైలోని పొవాయ్‌లో మొదలైంది. దాదాపు అన్ని రోజులూ ఒకే తక్కువ ధర అన్నది వాళ్ల పద్ధతి. స్టోర్లలో చాలావరకు అద్దె భవనాల్లో కాక సొంత స్థలాల్లో పెట్టుకుంటారు. ఒక్కో సరుకులో లెక్కలేనన్ని రకాలు పెట్టరు, వేగంగా అమ్ముడయ్యేవే పెడతారు. ఇలాంటి చోటికి పండగ ఆఫర్ కోసం కాచుకుని వెళ్లడంలో అర్థం లేదు. జీతాలు పడ్డ మొదటి శని, ఆదివారాలు వదిలేసి, రెండో వారంలో మంగళవారమో బుధవారమో ఉదయాన్నే వెళ్లండి. ధర పెద్దగా మారదు. మారేది క్యూ, మన టెన్షన్. జనం తోసుకుంటుంటే ఎవరూ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవరు.

రెండో రకంలో మామూలు రోజుల ధర కాస్త ఎక్కువే ఉంటుంది. సంక్రాంతి, జనవరి 26, ఉగాది, ఆగస్టు 15, దసరా అంటూ తేదీలు పెట్టి తగ్గిస్తారు. అక్కడ నిల్వ ఉండే సరుకులే, అంటే సబ్బులు, బట్టల పొడి, నూనె డబ్బాలు, ఆ తేదీల్లో కొనుక్కోండి. మిగతా రోజుల్లో అటు వెళ్లినా ఒకటి రెండు వస్తువులతో బయటపడండి.

షెల్ఫ్ దగ్గర లెక్క

అసలు పని ఇక్కడే ఉంది. తొందర పడకండి.

ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ పక్కన ‘యూఎస్‌పీ’ అని చిన్నగా ఒక అంకె కనిపిస్తుంది. యూనిట్ సేల్ ప్రైస్ అన్నమాట. కిలో లోపు ప్యాకెట్లకు గ్రాము ఎంత, కిలో దాటితే కిలో ఎంత, ద్రవాలకైతే మిల్లీలీటరు లేదా లీటరు లెక్కన అది ఉండాలి. తూనికలు కొలతల నిబంధనల్లో ఈ మధ్య కొన్నేళ్ల కిందటే చేర్చారు. మంచి ఏర్పాటే, కానీ అందులో ఒక మెలిక ఉంది. అది ఎంఆర్‌పీని బట్టి వేసిన లెక్క. స్టోర్ తగ్గించి అమ్ముతున్న ధరకు అది సరిపోదు. అందుకే ఫోనులో కాలిక్యులేటర్ తీయక తప్పదు. పక్కవాళ్లు చూసి నవ్వుకుంటారేమో అనిపిస్తుంది మొదట్లో. రెండోసారి వెళ్లినప్పుడు ఓ పెద్దాయన నన్ను ఆపి ‘అమ్మా, ఇది కూడా లెక్కేసి పెట్టు’ అని పామాయిల్ ప్యాకెట్ అందించాడు.

నూనెతోనే మొదలు పెడదాం. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఒక ప్యాకెట్ లీటరు, 165 రూపాయలు. పక్కన అచ్చం అంతే కనబడే ఇంకో ప్యాకెట్ 158. చెయ్యి రెండోదాని మీదకే పోతుంది. తిప్పి చూడండి. మొదటిది లీటరు, బరువులో దాదాపు 910 గ్రాములు. రెండోదాని మీద 850 గ్రాములు అని ఉందనుకోండి. లెక్కేస్తే మొదటిది కిలో 181 రూపాయల చిల్లర, రెండోది దాదాపు 186. ఏడు రూపాయలు తక్కువనుకున్నది కిలోకు నాలుగున్నర ఎక్కువ పడింది. ఫ్రీడమ్ తీసుకున్నా, గోల్డ్ డ్రాప్ తీసుకున్నా, విజయ తీసుకున్నా నూనెను లీటర్లలో పోల్చకండి, గ్రాముల్లోకి మార్చి పోల్చండి. పూర్వం చాలా సరుకులను ఫలానా పరిమాణాల్లోనే ప్యాక్ చేయాలన్న నిబంధన ఉండేది. ఇప్పుడది తీసేశారు. 850, 870, 180, 135 లాంటి వింత బరువులు అందుకే కనిపిస్తున్నాయి. ధర పెంచితే మనం గుర్తుపడతాం, బరువు తగ్గిస్తే గుర్తుపట్టం. అదీ సంగతి.

బియ్యం బస్తాలో ఇంకో తమాషా ఉంది. ఇరవై ఐదు కిలోల బస్తా పోయి 26 కిలోల బస్తా ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పులు, పిండి మీద 5 శాతం జీఎస్టీ వేశారు, 25 కిలోల వరకే. అది దాటితే లేదు. మిల్లర్లు ఒక్క కిలో ఎక్కువ పోసి పన్ను తప్పించారు. మనకూ మంచిదే. అయితే స్టోర్‌లో 25 కిలోలది 1,525, 26 కిలోలది 1,560 అని పక్కపక్కనే ఉంటే మొదటిదే చవక అనిపిస్తుంది. కిలో లెక్కన మొదటిది 61, రెండోది 60. పది కిలోల సంచి, ఐదు కిలోల సంచి అయితే ఇంకా ఎక్కువ పడే అవకాశం ఉంది, చూసుకోండి.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా వదిలేయండి. అర కిలో కందిపప్పు 92, కిలో 189 ఉన్న రోజులు నేను చూశాను. రెండు అర కిలోలు తీసుకుంటే ఐదు రూపాయలు మిగిలాయి. సబ్బుల్లో మరీనూ. ‘నాలుగు కలిపి ప్రత్యేక ధర’ అని 125 గ్రాములవి నాలుగు 180కి ఇస్తుంటే గ్రాము 36 పైసలు. అదే సబ్బు విడిగా 100 గ్రాములది 34 రూపాయలు ఉంటే గ్రాము 34 పైసలే.

ఇక, వంగండి. కంటికి ఎదురుగా ఉండే అర చాలా ఖరీదైన చోటు. అక్కడ, వరుస చివర్లలో కనబడేలా తమ సరుకు పెట్టించుకోవడానికి కంపెనీలు చాలా స్టోర్లకు డబ్బు కడతాయి. పిల్లల కంటి ఎత్తులో చాక్లెట్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. మన మేలు కోరే సరుకు తరచూ మోకాళ్ల దగ్గరి అరలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పిల్లల్ని వెంట తీసుకెళ్లడం వల్ల లాభం ఇదొక్కటే.

స్టోర్ సొంత బ్రాండ్ తీసుకోవచ్చా?

రిలయన్స్ స్టోర్లలో ‘గుడ్ లైఫ్’, డీమార్ట్‌లో ‘ప్రీమియా’, బిగ్‌బాస్కెట్‌లో ‘బీబీ రాయల్’ అని చూసే ఉంటారు. ఇవి స్టోర్ల సొంత పేర్లు. చాలావరకు ఇవి ఆ స్టోర్ ఫ్యాక్టరీలో తయారైనవి కావు. ఎవరో ప్యాక్ చేసి ఇస్తే వీళ్ల పేరు అంటిస్తారు. టీవీ ప్రకటన ఖర్చు, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ కమిషన్ ఉండవు గనక ధర తగ్గుతుంది. ఇప్పుడు ఈ సొంత బ్రాండ్ల పద్ధతి పప్పు, ఉప్పుల అరలు దాటి చాలా దూరం వచ్చింది. పాతతరం గుర్తుపెట్టుకున్న ‘కాంపా’ కూల్‌డ్రింకును రిలయన్స్ 2022లో కొని, 2023లో మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. దుకాణమూ వాళ్లదే, బ్రాండూ వాళ్లదే అయినప్పుడు మంచి అర ఎవరికి దక్కుతుందో వేరే చెప్పాలా?

నా పద్ధతి ఇది. కంటితో చూసి మంచిచెడ్డలు చెప్పగలిగే సరుకైతే స్టోర్ బ్రాండ్ తీసుకుంటాను. పప్పులు, పంచదార, రవ్వ, వేరుశనగ గుళ్లు, జీడిపప్పు, బెల్లం ఈ జాబితాలోకి వస్తాయి. పారదర్శకంగా ఉన్న కవరులోంచి రాళ్లు, పుచ్చు, నూక కనబడతాయి. చెత్త కవర్లు, ఫినాయిల్ కూడా నిశ్చింతగా తీసుకోవచ్చు. నాలుకకు అలవాటైనవి మాత్రం మార్చను. టీ పొడి అంటే మా ఇంట్లో జెమిని, మా పిన్నిగారింట్లో త్రీ రోజెస్. ఈ విషయంలో రాజీ కుదరదు, కుదిరించే ప్రయత్నం చేసి ఉదయాలు పాడు చేసుకోవద్దు. ఆవకాయ కారం అసలే వద్దు. ఏడాది తినాల్సిన పచ్చడిలో పాతిక రూపాయల కోసం ప్రయోగాలా? త్రీ మ్యాంగోస్ వాడేవాళ్లు అదే వాడండి, గుంటూరు నుంచి మిరపకాయలు తెప్పించి ఆడించుకునేవాళ్లు అలాగే చేయండి.

కొత్త బ్రాండ్ పట్టుకోగానే వెనక్కి తిప్పండి. ‘మార్కెటెడ్ బై’ పక్కన స్టోర్ పేరుంటుంది. ‘మాన్యుఫాక్చర్డ్ బై’ లేదా ‘ప్యాక్డ్ బై’ పక్కన ఉన్న పేరు, ఊరు చదవండి. తినే సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ఇచ్చిన పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. ఎప్పుడైనా అదృష్టం బాగుంటే, మీరు ఇష్టపడే పేరున్న కంపెనీకి చేసి ఇచ్చే ఫ్యాక్టరీయే అక్కడ కనబడుతుంది. మొదటిసారి ఎప్పుడూ చిన్న ప్యాకెట్టే కొనండి.

పేరు చదివేటప్పుడు ఇంకో రెండు విషయాలు. ఐస్‌క్రీమ్ అనుకుని తెచ్చే డబ్బా మీద ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే అందులో పాల కొవ్వుకు బదులు మొక్కల నుంచి తీసిన నూనెలు, కొవ్వులు వాడతారు. ధర మాత్రం ఐస్‌క్రీమ్‌తో పోల్చి పెడతారు. సబ్బు మీద ‘టాయిలెట్ సోప్’ అని ఉంటే టీఎఫ్‌ఎం, అంటే సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం, శాతం కూడా చూడండి. 76 లేదా అంతకు మించి ఉంటే మొదటి గ్రేడు. ‘బాతింగ్ బార్’ అని ఉంటే అది వేరే తరగతి, ఈ గ్రేడు లెక్క దానికి వర్తించదు.

ఒకటి కొంటే ఒకటి

ఇలాంటి బోర్డు కనబడితే ముందు తేదీ చూడండి. తర్వాతే ధర. నెల రోజుల్లో గడువు ముగిసే ఓట్స్ రెండు ప్యాకెట్లు ఇంట్లో ఎవరు తింటారు? లెక్క కూడా ఒకటే: రెండిటికీ కలిపి కిలో ఎంత పడుతోందో చూసి, మీ పుస్తకంలోని ధరతో పోల్చండి. తక్కువైతే తీసుకోండి, లేదంటే బోర్డుకు నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒక వేయి పైన కొంటే పంచదార తొమ్మిది రూపాయలకే లాంటివి కూడా అంతే. ఆ వేయి నింపడానికి పెట్టిన మూడు వందల చిల్లర సరుకులే మన నష్టం.

బిల్లు దగ్గర

విడి సరుకులు తూకం వేయించుకున్నప్పుడు స్టిక్కర్ మీద పేరు చదవండి. బటన్ తప్పు నొక్కితే మామూలు వేరుశనగ గుళ్లకు బాదం ధర పడుతుంది. కావాలని చేశారనను, రద్దీలో జరిగేదే.

షెల్ఫ్ మీద ధరకూ బిల్లు మీద ధరకూ తేడా రావడం మాత్రం నాకు చాలాసార్లు ఎదురైంది. ఓ స్టోర్‌లో నెయ్యి డబ్బా దగ్గర ఒక ధర, బిల్లులో నలభై ఎక్కువ. అడిగితే ‘ఆఫర్ నిన్నటితో అయిపోయింది మేడం, లేబుల్ తీయలేదు’ అన్నారు. అప్పటి నుంచి ఖరీదైన నాలుగైదు సరుకుల షెల్ఫ్ లేబుళ్లకు ఫొటో తీసుకుంటున్నాను. ఫొటో చూపిస్తే వాదన రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లు రాదంటే నమ్మకండి. నంబరు కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే స్టోర్లకు సూచించింది. పాయింట్లు కావాలంటే ఇవ్వండి, వద్దంటే వద్దనండి. సంచి ఇంటి నుంచి తీసుకెళ్లండి. మరిచిపోయారా? సంచికి డబ్బు తీసుకుంటామని ముందుగా తెలియజేయకుండా, సరుకులన్నీ తీసుకుని కౌంటర్‌కి వచ్చాక బిల్లులో కలపడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబరులో ఒక పెద్ద గొలుసు స్టోర్ కేసులో తేల్చింది.

ఇంటికొచ్చాక తేడా వస్తే

బిల్లును ఆ రోజే ఫొటో తీయండి. ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు రెండు మూడు నెలల్లో మాయమైపోతాయి. సరుకు పాడైనట్టు తేలితే బిల్లు పట్టుకుని ముందు స్టోర్‌కే వెళ్లండి. చాలావరకు మార్చి ఇస్తారు. ‘అమ్మిన వస్తువు వెనక్కి తీసుకోం’ అని బోర్డు చూపిస్తే బెదరకండి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మేనేజరుకు ఈ వాక్యం మర్యాదగా చెప్పండి. సాధారణంగా గొంతు మారుతుంది.

మారకపోతే 1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకున్నా, ప్యాకెట్‌లో బరువు తగ్గినా మీ జిల్లా తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఐదు లక్షల లోపు విలువైన కేసుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

ఈ ఫిర్యాదులన్నిటికీ బ్యాచ్ నంబరు, తేదీ అడుగుతారు. మనమేమో ప్యాకెట్ చింపి పప్పు డబ్బాలో పోసి, కవరు చెత్తబుట్టలో పడేస్తాం. తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న ముక్కను కత్తెరతో కత్తిరించి, డబ్బా మూత లోపలి వైపు టేపుతో అంటించండి. పప్పు అయిపోయి డబ్బా కడిగేటప్పుడు తీసేస్తే సరిపోతుంది.